పక్కన పడేసిన పాత ట్యాబ్‌కి లీనియేజ్ ఎక్కించుకోవడం ఎలా

కరోనా టైంలో ఆన్‌లైన్ క్లాసులని చెప్పి కొన్న ట్యాబులు ఇప్పుడు చాలా ఇళ్ళల్లో బీరువా మీదో ఫ్రిజ్ మీదో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. గుంటూరు బ్రాడీపేటలో మా అక్క వాళ్ళింట్లో కూడా ఒకటుంది, శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7, 2020లో వచ్చిన 10.4 అంగుళాల మోడల్, వైఫైది. మొన్న పండక్కి వెళ్తే మా మేనల్లుడు తెచ్చి చేతిలో పెట్టి "మావయ్యా, దీంట్లో యూట్యూబ్ ఓపెన్ అయ్యేలోపు నేను అన్నం తినేసి వస్తా చూడు" అన్నాడు, నిజంగానే తినేసి వచ్చాడు. సరే అని బ్యాగులో వేసుకుని బెజవాడ తెచ్చేశా.

ముందు ఒక మాట. లీనియేజ్ అనేది ఒక కస్టమ్ రామ్ (ROM), అంటే కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి దాని బదులు ఎక్కించుకునే బయటివాళ్ళ ఆండ్రాయిడ్, మెమరీ ర్యామ్ వేరు ఇది వేరు. అది వేస్తే పాత ట్యాబ్ కొత్తదైపోతుందని అనుకోకండి. దీంట్లో ఉన్నది స్నాప్‌డ్రాగన్ 662 ప్రాసెసర్, ర్యామ్ 3 జీబీ, స్టోరేజ్ 32 జీబీ, మీరు ఏం ఎక్కించినా ఆ 3 అనేది 4 అవ్వదు. కంపెనీ దీనికి ఆండ్రాయిడ్ 10తో మొదలుపెట్టి 12 దాకా ఇచ్చింది, అక్కడితో దాని లెక్క అయిపోయింది. లీనియేజ్ వేస్తే వచ్చేది ఏంటంటే కొత్త ఆండ్రాయిడ్, కొత్త సెక్యూరిటీ ప్యాచులు, వెనకాల ఊరికే తిరిగే యాప్స్ లేని ఖాళీ సిస్టమ్. ఆ ఖాళీని ఖాళీగా ఉంచుకుంటేనే స్పీడ్, మళ్ళీ పాతిక యాప్స్ కుక్కితే వారానికే మొదటికొస్తుంది.

పోయేవి కూడా చెప్పేస్తా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. బూట్‌లోడర్, అంటే ట్యాబ్ ఆన్ అవ్వగానే సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్, దానికి కంపెనీ వేసిన తాళం తియ్యగానే (దీన్నే అన్‌లాక్ అంటారు) లోపల డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. కస్టమ్ ఫైల్ ఫ్లాష్ చేశాక, అంటే ఎక్కించాక, శాంసంగ్ సెక్యూరిటీ వ్యవస్థ నాక్స్‌లో వారంటీ బిట్ అనే గుర్తు 0 నుంచి 1కి మారుతుంది, అది మళ్ళీ కంపెనీ ఫర్మ్‌వేర్ (ట్యాబ్‌తో వచ్చే అసలు సాఫ్ట్‌వేర్) వేసినా వెనక్కి రాదు, సెక్యూర్ ఫోల్డర్ లాంటివి ఇంక ఆ ట్యాబ్‌లో పనిచెయ్యవు. ఓటీటీ వీడియోలు కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ అనేది కింది స్థాయి ఎల్3కి పడిపోతుంది కాబట్టి నెట్‌ఫ్లిక్స్ లాంటివి మామూలు ఎస్‌డీ క్వాలిటీలోనే ఆడతాయి. బ్యాంకు యాప్స్ కొన్ని మొండికేస్తాయి, వైఫై ట్యాబ్‌లో సిమ్మే లేదు కాబట్టి ఫోన్‌పే, గూగుల్‌పే గొడవ మాకు ఎలాగూ లేదు. ఇంట్లో వాళ్ళు ఆ ట్యాబ్‌లో ఓటీటీలో సినిమాలే చూస్తారు అంటే మాత్రం లీనియేజ్ జోలికి పోకండి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి అక్కర్లేని యాప్స్ డిసేబుల్ చేసుకుని వాడుకోండి చాలు.

ఇప్పుడు పనిలోకి. అన్నిటికంటే ముందు మోడల్ నంబర్ చూడండి, సెట్టింగ్స్‌లో అబౌట్ ట్యాబ్లెట్‌లో ఉంటుంది. మాది ఎస్‌ఎం-టీ500, దీని కోడ్ నేమ్ జీటీఏ4ఎల్‌వైఫై. సిమ్ పెట్టుకునేది టీ505, దాని కోడ్ నేమ్ జీటీఏ4ఎల్. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, పేరూ ఒకటే, కానీ దాని ఫైల్ దీనికి వెయ్యకూడదు. మీది వేరే కంపెనీ ట్యాబ్ అయితే లీనియేజ్ సైట్‌లో డివైసుల లిస్టు ఉంటుంది, మీ మోడల్ అందులో లేకపోతే ఎవరో డ్రైవ్ లింకులో పెట్టిన ఫైల్ నమ్మి వేసుకోవద్దు. లిస్టులో ఉన్నా కూడా ఆ పేజీలో ముందు ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ మీద ఉండాలో రాసి ఉంటుంది, అది చదివి అవసరమైతే కంపెనీ అప్‌డేట్లు మొత్తం ముందే చేసుకోండి. లీనియేజ్ నంబర్లు చూసి కంగారు పడొద్దు, వాళ్ళ 21 అంటే ఆండ్రాయిడ్ 14, 22 అంటే 15. సయనోజెన్‌మోడ్ అనే పాత కస్టమ్ రామ్ 2016 చివర్లో మూతపడినప్పుడు దాని కోడ్ మీదే మొదలైంది ఇది, అప్పట్లో ఫోన్లు గెలికినవాళ్ళకి ఆ పేరు గుర్తుండే ఉంటుంది.

రెండోది కేబుల్. నవ్వకండి, నాకు ఒక సాయంత్రం మొత్తం దీనికే పోయింది. ఎక్కడో ఇయర్‌ఫోన్స్‌తో పాటు వచ్చిన కేబుల్ పెట్టి, ల్యాప్‌టాప్‌లో ట్యాబ్ కనపడట్లేదని డ్రైవర్లు మూడుసార్లు తీసి మూడుసార్లు వేశా. చివరికి చూస్తే అది ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్, డేటా వెళ్ళదు. కేబుల్ పెట్టి ఫోటోలు కంప్యూటర్‌లోకి కాపీ అవుతున్నాయా లేదా చూసుకున్నాకే మిగతావి మొదలుపెట్టండి. ఇంకోటి, డెస్క్‌టాప్ మీద యూపీఎస్ లేకుండా చెయ్యకండి. మన దగ్గర రోహిణి కార్తెలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, ఫైల్ సగం ఎక్కాక పోయిందంటే తలనొప్పి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ ఉంటుంది, ట్యాబ్‌లో కూడా కనీసం సగం పైన ఛార్జ్ ఉంచండి.

ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్ చేసి ఇవన్నీ అందులో పడెయ్యండి: శాంసంగ్ యూఎస్‌బీ డ్రైవర్, ఓడిన్ (శాంసంగ్‌లకి కంప్యూటర్ నుంచి ఫైల్స్ ఎక్కించే ప్రోగ్రామ్), గూగుల్ వాళ్ళ ప్లాట్‌ఫామ్ టూల్స్ (ఏడీబీ అనే కమాండ్ ఇందులోనే ఉంటుంది, దాంతో కేబుల్ మీదుగా ట్యాబ్‌కి పని చెప్పొచ్చు), లీనియేజ్ జిప్, అదే పేజీలో ఇచ్చే రికవరీ ఫైల్ (కొత్త సిస్టమ్ ఎక్కించుకోవడానికి వాడే చిన్న మెనూ), వీబీమెటా ఫైల్ (సిస్టమ్ అసలుదేనా అని చూసే తనిఖీకి సంబంధించింది), ప్లే స్టోర్ కావాలంటే మైండ్‌ద‌గ్యాప్స్ జిప్. ఈ గ్యాప్స్, అంటే గూగుల్ యాప్స్ మూట, మీ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి సరిపోయేదే ఉండాలి, ఆర్మ్64 అని ఉన్నది తీసుకోవాలి. వీటితో పాటు మీ మోడల్‌ది కంపెనీ ఫర్మ్‌వేర్ కూడా దించి పెట్టుకోండి, నాలుగైదు జీబీ ఉంటుందని బద్ధకించకండి, ఏదైనా తేడా కొడితే మళ్ళీ లేపేది అదే. అందులో కూడా ఒక మెలిక ఉంది, బిల్డ్ నంబర్ మధ్యలో యూ గానీ ఎస్ గానీ అక్షరం తర్వాత ఒక అంకె ఉంటుంది, మీ ట్యాబ్‌లో ఉన్న అంకె కంటే తక్కువది ఉన్న ఫర్మ్‌వేర్ ఎక్కదు. ఇప్పుడు ట్యాబ్‌లో ఉన్నది నోట్ చేసుకుని అదే అంకె లేదా పెద్దది దించండి.

ఫోటోలు, నోట్సు పీడీఎఫ్‌లు కాపీ చేసుకున్నాక గూగుల్ అకౌంట్, శాంసంగ్ అకౌంట్ రెండూ ట్యాబ్‌లోంచి తీసెయ్యండి. ఇది వదిలేస్తే తర్వాత పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడిగి కూర్చుంటుంది. మా అక్కకి 2020లో పెట్టిన పాస్‌వర్డ్ గుర్తుంటుందా అసలు, ఫోన్ చేసి అరగంట మాట్లాడితే చివరికి పాత క్లాసు నోటుబుక్కు వెనక అట్ట మీద దొరికింది.

తర్వాత సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చెయ్యండి, బూట్‌లోడర్ తాళం తియ్యడానికి అనుమతి ఇదే. అది కనపడకపోతే వైఫై పెట్టి నెట్ ఉందో లేదో చూసుకోండి. ట్యాబ్ ఆపేసి, వాల్యూమ్ రెండు బటన్లూ కలిపి నొక్కి పట్టుకుని, అలా పట్టుకునే ఉండి కేబుల్ గుచ్చాలి, కేబుల్ రెండో కొస ముందే ల్యాప్‌టాప్‌కి ఉండాలి. నీలం రంగు వార్నింగ్ స్క్రీన్ వస్తుంది. అక్కడ వాల్యూమ్ అప్ మామూలుగా నొక్కితే డౌన్‌లోడ్ మోడ్ (కంప్యూటర్ నుంచి ఫైల్స్ తీసుకునే స్థితి), చాలాసేపు నొక్కిపడితే అన్‌లాక్. ఇప్పుడు మనకి కావాల్సింది అన్‌లాక్ కాబట్టి నొక్కిపట్టి, మళ్ళీ అడిగితే ఒప్పుకోండి. మొత్తం చెరిపేసి కొత్తదానిలా లేస్తుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. లేచాక సెటప్ స్కిప్ కొట్టుకుంటూ లోపలికెళ్ళి, వైఫైకి కలిపి, మళ్ళీ డెవలపర్ ఆప్షన్స్ తెచ్చుకుని ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్‌లోనే ఉండి, మార్చడానికి వీల్లేకుండా మసకగా కనపడుతోందా చూడండి. అలా ఉంటేనే అన్‌లాక్ నిజంగా అయినట్టు, లేకపోతే ఓడిన్ దగ్గర ఫెయిల్ అని ఎర్రగా వస్తుంది.

మళ్ళీ ఆపేసి అదే పద్ధతిలో కేబుల్ గుచ్చి ఈసారి వాల్యూమ్ అప్ ఒక్కసారి నొక్కితే డౌన్‌లోడ్ మోడ్. ఓడిన్ ఓపెన్ చేస్తే ఎడమ పక్క పైన ఒక డబ్బా నీలం రంగులోకి మారాలి, మారకపోతే కేబులో డ్రైవరో తేడా అన్నట్టు. ఆప్షన్స్‌లో ఆటో రీబూట్ టిక్ తీసెయ్యండి, ఇది మర్చిపోకండి. ఏపీ అని ఉన్న దగ్గర మాత్రమే ఫైల్ పెట్టాలి, మిగతా గడులు ఖాళీ. ముందు వీబీమెటా, తర్వాత రికవరీ. ఓడిన్‌కి టార్ ఫైల్ కావాలి, మీ దగ్గర ఐఎంజీ ఉంటే సెవెన్‌జిప్‌తో టార్ చేసుకోవచ్చు, కాకపోతే లోపల ఫైల్ పేరు రికవరీ అనే ఉండాలి. ఒక్కో ఫైల్ ఎక్కడానికి కొన్ని సెకన్లే పడుతుంది, పాస్ అని పచ్చగా వస్తే అయిపోయినట్టు. రెండో ఫైల్‌కి మళ్ళీ డౌన్‌లోడ్ మోడ్‌లోకి రావాల్సి రావచ్చు.

ఇప్పుడు చేతివాటం కావాలి. వాల్యూమ్ డౌన్, పవర్ కలిపి పట్టుకుంటే స్క్రీన్ నల్లబడుతుంది, నల్లబడిన ఆ క్షణంలోనే వేలు వాల్యూమ్ అప్ మీదకి మార్చి పవర్ వదలకుండా పట్టుకోవాలి. కేబుల్ ల్యాప్‌టాప్‌కి తగిలే ఉండాలి, తీసేస్తే చాలా శాంసంగ్‌లలో ఈ కాంబినేషన్ పనిచెయ్యదు. లేట్ అయి పాత సిస్టమ్ బూట్ అయిందంటే మన రికవరీని అది చెరిపేసి తనది పెట్టేసుకుంటుంది, మళ్ళీ ఓడిన్ నుంచి మొదలు. నాకు మూడోసారికి పడింది, రెండుసార్లు పాత లోగో వచ్చినప్పుడు మా ఆవిడ "ఇక వదిలెయ్యండి, టీ చల్లారిపోతోంది" అంది, అప్పటికే చల్లారిపోయింది.

లీనియేజ్ లోగోతో రికవరీ వచ్చిందంటే ఇంక కష్టం అయిపోయినట్టే. వాల్యూమ్ బటన్లతో కిందకీ పైకీ, పవర్‌తో ఓకే. ఫ్యాక్టరీ రీసెట్‌లో ఫార్మాట్ డేటా కొట్టండి, వెనక్కి వచ్చి అప్లై అప్‌డేట్, అప్లై ఫ్రమ్ ఏడీబీ. ల్యాప్‌టాప్‌లో ప్లాట్‌ఫామ్ టూల్స్ ఫోల్డర్ తెరిచి పైన అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొడితే నల్ల విండో వస్తుంది, అందులో ఏడీబీ సైడ్‌లోడ్ అని టైప్ చేసి ఒక స్పేస్ ఇచ్చి లీనియేజ్ జిప్‌ని మౌస్‌తో లాగి విండోలో పడేస్తే దారి మొత్తం అదే రాసుకుంటుంది, ఎంటర్ కొట్టండి. 47 శాతం దగ్గర ఆగిపోయి ఏదో ఫెయిల్డ్ అని పక్కనే సక్సెస్ అని వస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ట్యాబ్ పోయిందనే అనుకున్నా, కేబుల్ పీకెయ్యబోయా. అది మామూలే, ట్యాబ్ స్క్రీన్ మీద పని అయ్యేదాకా కదలకుండా ఉంచండి చాలు.

ప్లే స్టోర్ కావాలంటే రీబూట్ కొట్టకుండా ఇప్పుడే గ్యాప్స్ వెయ్యాలి. ఒక్కసారి సిస్టమ్ బూట్ అయ్యాక వేస్తే క్రాష్‌లు మొదలై మళ్ళీ ఫార్మాట్ చేసుకోవాల్సి వస్తుంది. అదే పద్ధతి, మళ్ళీ అప్లై ఫ్రమ్ ఏడీబీ, గ్యాప్స్ జిప్. సిగ్నేచర్ సరిపోలేదు, అయినా వెయ్యమంటావా అని అడుగుతుంది, యెస్. ఆ తర్వాతే రీబూట్. మొదటి బూట్‌కి పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. ఇంక నుంచి ఆన్ చేసినప్పుడల్లా బూట్‌లోడర్ అన్‌లాక్ అయిందని ఒక హెచ్చరిక స్క్రీన్ వస్తుంది, దానికి మందు లేదు, అలవాటైపోతుంది.

ఇక స్పీడ్ సంగతి. డెవలపర్ ఆప్షన్స్‌లో మూడు యానిమేషన్ స్కేల్స్ ఉంటాయి, మూడూ 0.5 పెట్టండి, ట్యాబ్ వేగం పెరగదు గానీ చేతికి తేడా తెలుస్తుంది. ర్యామ్ బూస్టర్, క్లీనర్ యాప్స్ అసలు వెయ్యకండి, అవి మూసిన యాప్‌ని ఆండ్రాయిడ్ మళ్ళీ మొదట్నుంచి తెరవాలి, ఉన్నదానికంటే నెమ్మదిస్తుంది. 32 జీబీలో సిస్టమ్ పోగా మిగిలిందాంట్లో ఎప్పుడూ ఐదారు జీబీ ఖాళీ ఉంచండి, ఈ స్టోరేజ్ నిండేకొద్దీ రాయడం నెమ్మదిస్తుంది, పాత ట్యాబులు పాకడానికి సగం కారణం అదే. మెమరీ కార్డు పెట్టుకోండి కానీ వీడియోలకీ పీడీఎఫ్‌లకీ మాత్రమే, దాన్ని ఇంటర్నల్ స్టోరేజ్‌లో కలిపేస్తే యాప్స్ కార్డు స్పీడ్‌లో నడుస్తాయి. ఫేస్‌బుక్ లాంటివి యాప్ బదులు బ్రౌజర్‌లో వాడితే వెనకాల నడిచేది ఒకటి తగ్గుతుంది. రూట్, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోవడం, చెయ్యాలా అని అడుగుతారు, ఈ పనులకి రూట్ అక్కర్లేదు.

బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఛార్జింగ్ కంట్రోల్ ఉంటే 80 దగ్గర ఆగేలా పెట్టండి, అన్ని మోడల్స్‌కీ రాదు. ఎండాకాలం మన ఊళ్ళో మధ్యాహ్నం పూట గది వేడికే ట్యాబ్ సలసలమంటుంది, ఛార్జింగ్ పెట్టి పిల్లాడికి గేమ్ ఇచ్చారంటే వేడికి ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు కస్టమ్ రామ్‌ని తిట్టి లాభం లేదు. పొద్దున్నే ఛార్జ్ చేసి పక్కన పెట్టెయ్యండి, 7040 ఎంఏహెచ్ బ్యాటరీ, చదువుకోవడానికి రోజంతా బానే వస్తుంది.

అప్‌డేట్లు సెట్టింగ్స్‌లోని అప్‌డేటర్‌లోనే వస్తాయి, అవి వేసినప్పుడు గ్యాప్స్ పోదు, మళ్ళీ వెయ్యక్కర్లేదు. పెద్ద వెర్షన్ మారేటప్పుడు, అంటే 21 నుంచి 22కి లాగా, అప్పుడు మాత్రం ల్యాప్‌టాప్‌తో సైడ్‌లోడ్ చేసి, బూట్ కాకముందే కొత్త గ్యాప్స్ కూడా వెయ్యాలి. ఆ రెండు జిప్పులూ ఎక్కడ దొరుకుతాయో ఒక చీటీ మీద రాసి ట్యాబ్ కవర్ లోపల పెట్టి మా మేనల్లుడికి పంపించా. మావాడు చీటీ చదవలేదు, యూట్యూబ్ ఎంతలో ఓపెన్ అవుతోందో మాత్రం వీడియో తీసి పంపాడు.