బెయిలు వచ్చినా జైల్లోనే ఉన్న పేదలకు ప్రభుత్వ సాయం: సంఘాలు దరఖాస్తు చేయించే విధానం

థెస్సలొనీకలో పౌలుకు ఆతిథ్యమిచ్చిన యాసోను దగ్గర జామీను తీసుకున్నాకే అధికారులు అతడిని విడిచిపెట్టారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతుంది. యాసోనుకు ఆ స్తోమత ఉంది. కోర్టు బెయిలు ఇచ్చినా పూచీకత్తు చూపలేక మన జైళ్లలో మిగిలిపోయిన కూలీలకు అది లేదు. చెరసాలలో ఉన్నవారిని చూడమన్న ప్రభువు మాటను ఆచరించాలనుకునే ప్రతి క్రైస్తవ సంఘం ఈ దరఖాస్తు గురించి తెలుసుకోవాలి.

పేద ఖైదీల కోసం కేంద్ర హోంశాఖ 2023లో ఒక పథకం తెచ్చింది. ఆ ఏడాది మార్గదర్శకాల ప్రకారం బెయిలు కోసం విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి 25,000 వరకు జిల్లా కమిటీ మంజూరు చేసే వీలుండేది; ఇప్పటి పరిమితి ఎంతో అడిగి తెలుసుకోండి. కలెక్టరు, ఎస్పీ, జైలు అధికారి, న్యాయమూర్తి, పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి అందులో ఉంటారు. అవినీతి, మనీలాండరింగ్, మాదకద్రవ్యాలు, చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కేసులకు ఇది వర్తించదు.

బెయిలు ఉత్తర్వు వచ్చి ఏడు రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారి ఆ సంగతి న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. కార్యదర్శి ఖైదీ ఆర్థిక స్థితిని విచారిస్తారు. ఈ విచారణలో సామాజిక కార్యకర్తల సాయం తీసుకోవచ్చని మార్గదర్శకాల్లోనే ఉంది. సంఘానికి చోటు దొరికేది ఇక్కడే. జైలు నుంచి కబురు వెళ్లేదాకా ఆగకండి. ములాఖత్‌లో ఖైదీతో మాట్లాడి, కార్యదర్శి పేరిట తెల్లకాగితం మీద అర్జీ రాయించండి. ఖైదీ పేరు, జైలు, పోలీసు స్టేషను, క్రైమ్ నంబరు, కోర్టు, బెయిలు ఇచ్చిన తేదీ, అడిగిన పూచీకత్తు ఎంతో స్పష్టంగా ఉండాలి. బెయిలు ఉత్తర్వు నకలు, ఇంటివారి రేషన్ కార్డు నకలు జతచేయండి. అర్జీ ఇచ్చేది జిల్లా కోర్టు ఆవరణలోని సంస్థ కార్యాలయంలో. అందినట్టు ముద్ర వేయించుకోకుండా వెనక్కి రావద్దు. ఏం చేయాలో తెలియకపోతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేయండి.

అదే అర్జీలో ఉచిత న్యాయవాదిని కూడా కోరండి. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ హక్కు ఉంది. బెయిలు వచ్చి నెల దాటినా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతుల సడలింపును కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చని, స్థానిక జామీనుదారే కావాలన్న షరతు విడుదలను ఆలస్యం చేస్తోందని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. న్యాయవాది చేత సడలింపు పిటిషను వేయించండి. డబ్బు మంజూరు కోసం ఎదురుచూడటం కంటే ముందు ఈ పని చేయడమే మంచిదని నా అభిప్రాయం. కేసు బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరికే) నేరమైతే, అరెస్టయిన వారంలోగా జామీను ఇవ్వలేనివారిని నిరుపేదగా భావించి సొంత పూచీకత్తుపై వదలాలని చట్టమే చెబుతోంది.

మంజూరైన డబ్బు ఖైదీ చేతికి రాదు, కోర్టులో జమవుతుంది. మధ్యలో ఎవరైనా ఖర్చుల కింద అడిగితే రూపాయి కూడా ఇవ్వకండి. సంఘ సభ్యులే జామీనుదారులుగా నిలబడదలిస్తే ఒక్కటి గుర్తుంచుకోవాలి: విడుదలైన ఖైదీ వాయిదాకు రాకపోతే ఆ మొత్తం వారి మెడకే చుట్టుకుంటుంది. విడుదలైన రోజే తర్వాతి వాయిదా తేదీ రాసుకుని, ఆ రోజు అతడితో కోర్టుకు ఎవరు వెళ్లాలో సంఘంలో నిర్ణయించుకోండి.