రిసెప్షన్‌కు స్థానిక సంస్థ హాలు: దరఖాస్తు విధానం, ‘హాజరయ్యేవారి సంఖ్య’ దగ్గర పడే కొర్రీ

స్థానిక సంస్థల నిర్వహణలో ఉన్న హాలును పెళ్లి రిసెప్షన్‌కు అద్దెకు కోరుతూ పెట్టుకునే దరఖాస్తు నిజానికి అరగంట పని. అయినా అదే దరఖాస్తు పట్టుకుని మూడోసారి కౌంటరు ముందుకు వచ్చిన ఒక పెళ్లికూతురి తండ్రిని ఆ మధ్య చూశాను. గుర్తింపు పత్రం సరిగానే ఉంది, కోరిన తేదీ ఖాళీగానే ఉంది, రుసుము కట్టిన రసీదూ ఉంది. ‘హాజరయ్యేవారి సంఖ్య’ అన్న గడిలో ఆయన రాసిన 300 చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి కాగితాన్ని వెనక్కి ఇచ్చారు. పక్కనే నిలబడ్డ దళారి ఒకడు, ఆ అంకె తగ్గించి రాసేయమనీ, మిగతాది తాను చూసుకుంటాననీ ఆయనకు ధైర్యం చెబుతున్నాడు.

మిగతా మెట్లలో చెప్పుకోదగ్గ కష్టం లేదు. తేదీ ఖాళీ ఉందో లేదో చూసుకుని, ఫారం నింపి, గుర్తింపు పత్రమూ చిరునామా రుజువూ జతచేసి, అద్దె, ధరావతు చెల్లించి రసీదు తీసుకోవాలి. సమయం కోరేటప్పుడు విందు జరిగే గంటలతో పాటు అలంకరణకు, ఆ తరువాత హాలు ఖాళీ చేయడానికి పట్టే గంటలను కూడా కలిపి కోరాలి. రుసుము కట్టగానే వచ్చే రసీదు డబ్బు ముట్టినట్టు మాత్రమే చెబుతుంది. హాలు మీకు ఖరారైనట్టు చెప్పేది ఆ తరువాత వచ్చే అనుమతి పత్రం. అది చేతికి రాకముందే ఆహ్వానపత్రాలు అచ్చుకు ఇవ్వడం తొందరపాటు అవుతుంది.

ఇక ఆ గడి సంగతి. హాలు గోడ మీద 300 అని రాసి ఉంది కాబట్టి ఫారంలోనూ 300 అని రాస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా ఆ అంకె సభల కోసం కుర్చీలు వరుసగా వేసినప్పటి లెక్క. రిసెప్షన్‌లో బల్లలు వేస్తారు, వాటి చుట్టూ కుర్చీలు వేస్తారు, వడ్డించేవారు మధ్యలో తిరుగుతారు. కాబట్టి అదే నేల మీద పట్టే మనుషుల సంఖ్య సగానికి పడిపోతుంది. పలు చోట్ల ప్రమాణంగా తీసుకునే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ విడి కుర్చీలు మాత్రమే వేస్తే మనిషికి 7 చదరపు అడుగులు, బల్లలూ కుర్చీలూ కలిపి వేస్తే 15 చదరపు అడుగులు లెక్కగడుతుంది. మీ ప్రాంతపు నిబంధనలో అంకె కొంత అటూ ఇటూ ఉండవచ్చు గాని, లెక్క నడిచే తీరు ఇదే.

ఉదాహరణకు 60 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు ఉన్న హాలు వైశాల్యం 3,000 చదరపు అడుగులు. వేదికకు, నడవలకు 900 పోతే 2,100 మిగులుతుంది. కుర్చీలు మాత్రమే వేస్తే అందులో 300 మంది కూర్చోగలరు; బల్లలు వేస్తే 140 మందే. భోజనాల కౌంటర్లకు మరో 300 చదరపు అడుగులు కేటాయిస్తే ఆ 140 కాస్తా 120 అవుతుంది. హాలు చూడటానికి వెళ్లినప్పుడు దీపాల అందం చూసి మురిసిపోయే ముందు ఒక టేపు పట్టుకుని ఈ కొలతలు తీసుకున్నవారికి కౌంటరు దగ్గర ఇబ్బంది రాదు.

‘అందరూ ఒకేసారి రారు కదా’ అన్న ప్రశ్న సహజమే, అందులో న్యాయమూ ఉంది. అధికారి చూసేది కూడా ఒకే సమయంలో లోపల ఉండే గరిష్ఠ సంఖ్యనే. కాబట్టి 300 మందిని పిలిచి ఉంటే, వారిని ఏయే వేళల్లో రమ్మన్నారో, ఒక్కో వేళలో ఎంతమంది ఉంటారో విడిగా ఒక కాగితం మీద రాసి జతచేయండి. ఆ సంఖ్యలో పిల్లలనూ, వడ్డించేవారినీ, ఫొటోలు తీసేవారినీ కలపడం మరచిపోవద్దు.

ఈ సంఖ్యకు రుజువుగా నిలిచేది హాలు స్కెచ్. దాన్ని ఇంజినీరు చేత గీయించాల్సిన పని సాధారణంగా ఉండదు. గళ్ల కాగితం మీద కొలతలతో స్పష్టంగా గీస్తే చాలు. 5 అడుగుల గుండ్రటి బల్లకు 8 మంది చొప్పున చూపించి, కుర్చీలు వెనక్కి జరపడానికి, మనిషి నడవడానికి వీలుగా బల్లకూ బల్లకూ మధ్య 5 అడుగులు వదలండి. తలుపులన్నీ గుర్తించి, వాటికి అడ్డంగా బల్ల గాని, పూల తోరణం గాని, స్పీకరు గాని లేదని చూపించాలి. పైన చెప్పిన కోడ్ ప్రకారం 49 మందికి మించితే రెండు, 500కు మించితే మూడు బయటి దారులు ఉండాలి. ఇది కాగితాల కోసం పుట్టిన నియమం కాదు: 1942లో బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ క్లబ్బులో మంటలు లేచినప్పుడు అనుమతికి మించిన జనం లోపల చిక్కుకుని, తిరుగుడు తలుపు దగ్గర ఇరుక్కుపోయి, తాళం వేసిన దారులు తెరుచుకోక 492 మంది చనిపోయారు.

దళారి ఇచ్చే సలహాలో ఉన్న చిక్కు ఇక్కడే తెలుస్తుంది. తగ్గించి రాసిన అంకె కింద సంతకం మీది. ఆ సాయంత్రం తనిఖీకి వచ్చినవారు తలలు లెక్కపెట్టి కొత్తవారిని లోపలికి రానివ్వకపోయినా, ధరావతు జప్తు చేసినా జవాబు చెప్పాల్సింది మీరే. కొందరు దళారులు తమ పేరిటే తేదీ పట్టి ఉంచి తరువాత మీకు అప్పగిస్తారు. రసీదు మీద మీ పేరు లేకపోతే ధరావతు తిరిగి వచ్చేది వారి ఖాతాకే.

దరఖాస్తు వెనక్కి వచ్చినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. అది తిరస్కరణ కాదు, సవరణ కోరడం మాత్రమే. కారణాన్ని రాతపూర్వకంగా అడిగి, పాత దరఖాస్తు సంఖ్య మీదే సవరించిన స్కెచ్ ఇవ్వడానికి వీలుందా, తేదీ ఎప్పటి వరకు నిలిచి ఉంటుంది అన్నవి కౌంటరులోనే తేల్చుకోండి. ఆ తండ్రి దళారిని పక్కన పెట్టి, బల్లలు 15కు తగ్గించి, అతిథులను మూడు వేళలకు పంచి, స్కెచ్‌ను అక్కడి బల్ల మీదే మళ్లీ గీశారు. ఈసారి గుమాస్తా స్కేలు పెట్టి రెండు తలుపుల ముందున్న ఖాళీ కొలిచి, ముద్ర వేశాడు.