ఊరి చెరువు పూడిక తీపియ్యాలంటే సర్కారు పైసలు ఎట్ల అడగాలె, మట్టి చేను దాక ఎట్ల తోలుకోవాలె

ఎండాకాలం రాంగనే మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఏ ఊరికి పోయినా ఒకటే ముచ్చట, చెరువు నిండ పూడికే ఉంది, సర్కారోళ్లు తీస్తలేరు అని. తీస్తరు, కానీ అడిగే పద్ధతి ఒకటుంది. చానా ఊర్లల్ల ఏం చేస్తరంటే ఒక దరఖాస్తు రాసి, పది సంతకాలు పెట్టి, ఎమ్మెల్యే సాబ్ చేతిల పెట్టి ఫోటో దిగి వస్తరు, ఇగ ఆ కాయితం ఏడ పోతదో దేవునికెరుక. నేను చెప్పేది ఒక్కటే, పైసలు అడగకముందే తీసిన మట్టి ఎవరి చేన్లకు పోతదో కాయితం మీద చూపెట్టండ్రి. మట్టికి జాగ దొరికిన చెరువుకు శాంక్షన్ తొందరగ వస్తది, ఎందుకంటే తవ్వుడు పెద్ద ఖర్చు కాదు, మోసుడే ఖర్చు. తవ్విన మట్టిని ఎవరూ తీస్కపోకపోతే కట్ట పక్కనే కుప్పలు పోస్తరు, మొదటి గట్టి వానకు అది మల్ల చెరువులకే జారుతది.

ఇది మన చెరువుల కథే కాదు. వైజాగ్‌ల పోర్టు ఔటర్ హార్బర్ 1970లల్ల కట్టినంక ఒడ్డు ఎంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుకకు అడ్డం పడ్డది, ఇటు పోర్టు కాడ ఇసుక పేరుకుంటె అటు ఆర్కే బీచ్ కోసుకపోవుడు షురూ అయింది, అందుకే పోర్టు కాడ ఆగిన ఇసుకను డ్రెడ్జర్ తోని తీసి బీచ్ మీద పోస్తరు. ఒక తాన భారమైన మట్టే ఇంకో తాన మందు అన్నట్టు. అమెరికాల అయితే బీచ్‌లకు ఇసుక పోసే పనులకు 1986 చట్టం ఒకటుంది, మొదటిసారి పోసేటప్పుడు నూటికి 65 కేంద్రం పెడితే మిగిలింది రాష్ట్రము, ఆ ఊరోళ్లు పెట్టుకోవాలె, అదీ జనమంతా ఆ ఒడ్డుకు పోయేటట్టు బాట ఉంటెనే. కొంత మీరు, కొంత మేము అన్న లెక్క అన్ని తాన ఉంటది. మనకాడ మిషన్ కాకతీయ కూడ గట్లనే నడిచింది, 2015 మార్చి 12 నాడు సదాశివనగర్‌ల మొదలుపెట్టినప్పుడు 46,531 చెరువులు బాగుచేస్తమన్నరు, అండ్ల తవ్వుడు ఖర్చు సర్కారుది, ట్రాక్టర్ల తోలుకునే ఖర్చు రైతుది. పథకం పేర్లు మారుతయి గని ఈ పంపకం మాత్రం మారలే. పక్కన మహారాష్ట్రల చిన్న రైతులకు మట్టి తోలుడుకు కూడ కొంత సాయం ఇస్తున్నరు, మనోళ్లు కూడ గది అడగాలె అని నా అభిప్రాయం.

ముందు చెరువుల దిగి చూడుండ్రి. నీళ్లు ఎండిన జాగల నాలుగైదు చోట్ల గడ్డపార, పార పట్టుకొని గుంత తవ్వండ్రి, ఒకటి తూము ముంగట, ఒకటి నడుమ, ఒకటి వాగు వచ్చి కలిసే మూల కాడ. పైన పగుళ్లిచ్చిన నల్లమట్టి ఉంటది, నత్తగుల్లలు కనపడతయి, తడి ఉంటె చేతికి జిగురు జిగురుగ అంటుకుంటది. ఇంకింత కిందికి పోతే రంగు తిరుగుతది, ఎర్రగనో పసుపుగనో మొరం వస్తది, పార దిగుడు కూడ బరబర సప్పుడైతది. ఆ రంగు మారిన కాడికి టేపు పెట్టి కొలిచి రాసుకోండ్రి. గంతే మీ పూడిక. వాగు కలిసే మూల ఎక్కువ ఇసుకే ఉంటది, అది చేనుకు పనికిరాదు, లిస్టుల కలపకండ్రి.

ఇగ లెక్క. ఎకరం జాగల ఒక అడుగు మందం పూడిక తీస్తే 43,560 ఘనపుటడుగులు, అంటే నూరు ఘనపుటడుగులు పట్టే ట్రాలీ తోని 435 ట్రిప్పులు, తవ్వినంక మట్టి పొంగుతది కాబట్టి ఇంకో ఐదో వంతు కలుపుకోండ్రి. అదే మట్టిని చేన్ల ఒక అంగుళం మందం పరిస్తే 12 ఎకరాలకు సరిపోతది. ఇది గుర్తుంటె చాలు, చెరువుల ఎకరం అడుగు, చేన్ల పన్నెండెకరాలు అంగుళం. పదెకరాలల్ల అడుగు మందం పూడిక తియ్యాలంటే 120 ఎకరాల చేను తయారుండాలె, పొంగుడు కలపకున్నా 4,350 ట్రిప్పులు, ఉత్తగనే కావు, పది ట్రాక్టర్లు దినాం పదిహేను ట్రిప్పులు తోలినా నెల పడతది. యాసంగి వరి కోసినంక చేన్లు ఖాళీ అయ్యేది ఏప్రిల్‌ల, జూన్‌ల వానలు పడతయి, నడుమ ఉన్నది గా రెండు నెలలే. అందుకే ఎస్టిమేట్ పెద్దగ వేపిచ్చుకోవుడు కంటే మీ ఊర్ల ట్రాక్టర్లు ఎన్ని ఉన్నయో చూస్కొని అడుగుడు మంచిది.

తర్వాత రైతుల లిస్టు. పేరు, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఎన్ని ట్రిప్పులు కావాలె, చెరువు నుంచి ఎంత దూరం, సంతకం. చెల్క, దుబ్బ నేలలోళ్లను ముందు రాయండ్రి, ఎర్ర చెల్కల నీళ్లు నిలవవు కాబట్టి ఈ జిగట మట్టి కలిస్తె తడి రెండు మూడు దినాలు ఎక్కువ ఆగుతది. నల్లరేగడోళ్లు కూడ మాకూ కావాలె అంటరు, వాళ్లకు అసలు అక్కెర లేదు, జిగురుకు జిగురు కలిపితే ఏమొస్తది. దూరం ఎక్కువున్నోళ్లు పేరు ఇచ్చి తర్వాత రారు, కిరాయి మీద పడ్డంక మనసు మారుతది, నేనైతే అసుంటోళ్లను లిస్టుల చివరకు రాస్తా.

మట్టి పరీక్ష చేపియ్యకుండా తోలకండ్రి. నల్లగొండోళ్లకు కంపాసాగర్‌ల, నాగర్‌కర్నూల్ దిక్కోళ్లకు పాలెంల కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, లేకపోతే ఏఈవోను, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగితే తొవ్వ చెప్తరు. మూడు నాలుగు గుంతల నుంచి తీసి, కలిపి, నీడకు ఆరబెట్టి అరకిలో పట్కపోండ్రి. ఉప్పు ఎక్కువున్నదా, చౌడు గుణం ఉన్నదా అనేది తప్పక అడుగుండ్రి, చౌడు మట్టి తోలుకుంటె మంచి చేను కూడ ఆగమైతది. మూసీ నీళ్లు వచ్చే చెరువులు, కంపెనీల నీళ్లు కలిసే చెరువులు అయితే ఇంకా జాగర్త, అసుంటి పూడిక తిండి పంటల చేన్లకు తోలకపోవుడే మేలు, ఫ్రీగ వస్తుందని ఆశపడొద్దు.

ఇప్పుడు పైసలు ఏడికెళ్లి. చిన్న కుంట అయితే ఉపాధి హామీల పెట్టిచ్చుకోండ్రి, కూలోళ్లకు పని దొరుకుతది, మట్టి కూడ చేతి పనే కాబట్టి పైపైన శుభ్రంగ తీస్తరు. దానికి పని గ్రామసభల తీర్మానం అయ్యి ప్లానుల ఎక్కాలె. ఏటా అక్టోబర్ 2 నుంచి గ్రామసభల వచ్చే ఏడాది పనుల లిస్టు రాసే ఆనవాయితీ ఉంది, ఆ దినం మనోళ్లు చాయ్ తాగి పోతరు, తర్వాత మార్చిల ఫీల్డ్ అసిస్టెంట్ మీద కొట్లాటకు పోతరు. ఆ పద్ధతిల కాంట్రాక్టర్ ఉండొద్దు, కూలోళ్లు చేసే పనికి జేసీబీ పెట్టొద్దు, ఎవరన్న పెట్టి మస్టర్ల పేర్లు రాస్తుంటె సోషల్ ఆడిట్‌ల బయటపడతది, రికవరీ కూడ పడతది. పూర్తిగ ఒక చిన్న నీళ్ల గుంతే కావాలంటే 2022 ఏప్రిల్ 24న మొదలైన కేంద్రం పథకం అమృత్ సరోవర్ లెక్కన జిల్లాకు 75, కనీసం ఎకరం జాగ, పదివేల ఘనపు మీటర్ల నీళ్లు పట్టాలె అని పెట్టిన్రు, ఆ కొలతలు ఎస్టిమేట్ రాసేటప్పుడు అక్కెరకొస్తయి. పెద్ద చెరువు అయితే ఇరిగేషన్ డిపార్ట్‌మెంటే దిక్కు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సాబ్ వచ్చి లెవెల్స్ తీసి ఎస్టిమేట్ వేస్తడు, అది పై ఇంజినీర్లు డీఈ, ఈఈ మీదికెళ్లి పోయి శాంక్షన్ కావాలె.

ఏఈ కాడికి పోయేముందు చెరువు రికార్డు తెలుసుకోండ్రి, ఆయకట్టు ఎంత, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) ఏడిదాక, శిఖం (చెరువు లోపలి భూమి) ఎన్ని ఎకరాలు. శిఖంల ఎవరన్న నాట్లు పెట్టుకుంటుంటె, పని మొదలైన దినమే లొల్లి మొదలైతది, ముందే తహసీల్దార్ ఆఫీసు నుంచి సర్వేయర్ ను పిలిపిచ్చి హద్దులు పెట్టిచ్చుకోండ్రి. ఇంకొకటి, బెస్తోళ్లు, ముదిరాజుల మత్స్య సొసైటీ. చెరువుల చాప ఉన్నప్పుడు నీళ్లు ఇడిస్తె వాళ్ల కడుపు మీద కొట్టినట్టే. ఇప్పుడు కల్వకుర్తి లిఫ్ట్ నీళ్లు, ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) నీళ్లు వచ్చే చెరువులు ఎండాకాలం కూడ ఎండవు, మంచిదే గని పూడిక తీసుడు కష్టం. సొసైటోళ్లను కూసోపెట్టి చాప పట్టుడు ఎప్పుడైతదో అడిగి, తేదీ రాయిచ్చుకొని వాళ్ల సంతకం కూడ దరఖాస్తుకు జతచేయండ్రి. ఈ ఒక్క సంతకం లేక ఆగిన పనులు తక్కువేం లేవు.

దరఖాస్తు పొడుగు రాయొద్దు. ఇట్ల రాస్తే సాలు:

"మా గ్రామ శివారు సర్వే నంబరు ఫలానాలోని చెరువులో సగటున ఇన్ని అడుగుల పూడిక చేరినందున ఆయకట్టు చివరి భూములకు నీరందడం లేదు. ఇంతమంది రైతులు, ఇన్ని ఎకరాలకు పూడిక మట్టిని సొంత ఖర్చుతో తరలించుకొనుటకు సమ్మతి తెలిపినారు. గ్రామసభ తీర్మానం, రైతుల జాబితా, మట్టి పరీక్ష ఫలితము, మత్స్య సంఘం సమ్మతి జతపరచనైనది. ఎస్టిమేట్ తయారు చేయించి పని మంజూరు చేయగలరని ప్రార్థన."

ఒక కాపీ ఏఈకి, ఒకటి ఎంపీడీవోకు, ఒకటి సోమవారం నాడు కలెక్టరేట్ ప్రజావాణిల ఇచ్చి నంబరు తీసుకోండ్రి. నంబరు లేని దరఖాస్తు ఇచ్చినట్టు కాదు. లీడర్ కు చెప్పొద్దు అంటలేను, చెప్పుండ్రి, కానీ నంబరు తీస్కున్నంక చెప్పుండ్రి. రెండు నెలలైనా సప్పుడు లేకుంటె సమాచార హక్కు కింద ఫైల్ ఏడుందో అడుగుండ్రి, మన రాష్ట్రంల ఊరి స్థాయి ఆఫీసుల ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, జిల్లాల 10 రూపాయలు, 30 దినాలల్ల జవాబు ఇయ్యాలె.

పని షురూ అయినంక అసలు కావలి కాయాలె. కట్ట పాదం కాడ బకెట్ పెట్టనియ్యొద్దు, అక్కడ తవ్వితే ఊటపట్టి కట్ట తెగుతది, తూముకు దగ్గరగ కూడ లోతు బొందలు పెట్టొద్దు. హిటాచీ ఆపరేటర్ కు లోతుగ ఒకే చోట తవ్వుడు సుఖం, బండి కదిలించే పని ఉండదు, మనకు మాత్రం పైపొర అంతా సమానంగ గీకినట్టు రావాలె. మొరం కనపడంగనే ఆపుండ్రి, అడుగుపొర చీలిస్తె నీళ్లు నిలవయి. అయినా మొరం కోసమే తవ్వేటోళ్లు ఉంటరు, రాత్రి పూట టిప్పర్లు వచ్చి ఇటుకబట్టీలకు, ప్లాట్ల వెంచర్లకు పోతయి, రైతు పేరు మీద పర్మిషన్, మట్టి మాత్రం ఇంకో తాన. దీనికి ఒక సాదా ఉపాయం ఉంది, ప్రతి ట్రాలీకి చీటీ ఇయ్యండ్రి, రైతు పేరు, టైం, ట్రాక్టర్ నంబరు, ఊరి తొవ్వ కాడ ఇద్దరు పిల్లలను కూసోపెట్టి చీటీలు తీసుకోండ్రి, సాయంత్రం లెక్క గ్రామపంచాయితీ గోడకు అంటియ్యండ్రి. రాత్రి తోలుడు బంద్ అని మొదటి దినమే చాటింపు ఎయ్యండ్రి. పని అయిపోయినంక ఏఈ ఎం బుక్కుల (కొలతల పుస్తకంల) రాసిన కొలతను మీ చీటీల లెక్క తోని పోల్చుండ్రి, చానా తేడా ఉంటె ఆ దినమే అడగాలె, బిల్లు అయినంక అడిగితే నవ్వి ఊకుంటరు.

మైసమ్మ గుడి కట్ట మీదున్న ఊర్లల్ల పని షురూ చేసే ముందు కొబ్బరికాయ కొడతరు, కొట్టుండ్రి, ఆ దినం ఊరంతా వస్తది కాబట్టి చీటీల పద్ధతి అందరి ముంగట చెప్పనీకి అంతకంటే మంచి టైం దొరకదు.

చేన్ల సంగతి. కుప్పలు దూరం దూరం పోయకుండా ఎకరానికి 36 నుంచి 40 ట్రిప్పులు గళ్లు గళ్లుగ పోసి, ఎండల వారం పది దినాలు ఎండనియ్యండ్రి, గడ్డలు ఎండినంక రోటవేటర్ కొడితే పొడి అయితది. కుప్పలు అట్లనే ఇడిచిపెట్టి వాన పడ్డంక పరుద్దాం అనుకుంటె ముద్దలైతయి, ట్రాక్టరే దిగబడతది. పత్తి, మక్క, కంది ఏసేటోళ్లు అంగుళం దాక పోసుకోవచ్చు. పాలమూరు దిక్కు పల్లి పెట్టేటోళ్లు మాత్రం అందుల సగమే పోయుండ్రి, నేల గట్టిపడితే ఊడ దిగదు, పీకేటప్పుడు కాయలు భూమిలనే తెగి ఉంటయి. మట్టి పోసిన ఏడాది ఎరువు బస్తాలు పాత లెక్కన ఎయ్యకండ్రి, పరీక్ష కాయితం ఏఈవోకు చూపెట్టి ఎన్ని తగ్గియ్యాలెనో అడుగుండ్రి. తుమ్మ గింజలు, తుంగ గడ్డలు మట్టి తోని వస్తయి, మొదటి వానకు మొలవంగనే గుంటుక కొట్టుండ్రి.