ముందు ఫోర్కు దిగిపోతోందా? తప్పు స్ప్రింగుదో ఆయిల్‌దో ముందు తేల్చుకోండి

సెకండ్ హ్యాండ్ డర్ట్ బైకు కొన్న చాలామంది చెప్పేది ఒకటే: "ముందు షాకులు మెత్తగా ఉన్నాయి." ఈ షాకులనే ఫోర్కు అంటారు: ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు (కాళ్లు), లోపల స్ప్రింగు, ఆయిల్. షెడ్డుకి తీసుకెళ్తే ఫోర్క్ ఆయిల్ మార్చేస్తారు, లేదా స్ప్రింగు మీద వాషర్లు వేసి మూత బిగించేస్తారు. లోపల ఏముందో ఎవరూ కొలవరు. పాత ఓనరు తన బరువుకి తగ్గట్టు స్ప్రింగులు మార్చాడేమో, ఒక కాలులో ఒకటి, ఇంకో కాలులో ఇంకొకటి వేశాడేమో కూడా చూడరు. కొలిచేందుకు పట్టేది అరగంటే.

మన దగ్గర ట్రైల్ రైడింగ్‌కి ఎక్కువగా కనిపించే హీరో ఎక్స్‌పల్స్ 200నే తీసుకుందాం. 2019లో వచ్చిన ఈ బండికి 37 ఎంఎం ఫోర్కు, 190 ఎంఎం ట్రావెల్ (ఫోర్కు మొత్తం దిగగల దూరం). ర్యాలీ కిట్ (ఎత్తైన సస్పెన్షన్ ఉన్న కిట్) వేసినదైతే ట్రావెల్ 250 ఎంఎం. కొనేటప్పుడే ఇది అడిగి తెలుసుకోండి, లెక్కలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

విప్పకముందు: సాగ్ కొలవండి

బండి బరువుకి, మనిషి బరువుకి ఫోర్కు ఎంత దిగుతుందో అదే సాగ్. ఇంజన్ కింద దిమ్మ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపండి. యాక్సిల్ మధ్య నుంచి కింది టీ (ఫోర్కు కాళ్లని బండికి పట్టి ఉంచే క్లాంపు) అంచు దాకా టేపుతో కొలవండి. తర్వాత బండిని నేల మీద నిలబెట్టి, ఎవరూ ఎక్కకుండా ఒకసారి, మీరు బూట్లూ హెల్మెట్‌తో ఎక్కి ఒకసారి కొలవండి. సీల్స్ రాపిడి వల్ల కొలత అటూ ఇటూ అవుతుంది కాబట్టి, హ్యాండిల్ నొక్కి మెల్లగా వదిలినప్పుడు ఒక కొలత, పైకి లేపి మెల్లగా వదిలినప్పుడు ఇంకో కొలత తీసుకుని సగటు వేయండి. చక్రం గాల్లో ఉన్నప్పటి కొలతలోంచి ఈ సగటు తీసేస్తే వచ్చేదే సాగ్.

మనిషి ఎక్కాక ట్రావెల్‌లో సుమారు మూడో వంతు దిగాలి. 190 ఎంఎం ఫోర్కుకి 55 నుంచి 65 ఎంఎం మధ్య ఉంటే బాగున్నట్టే. ఖాళీ బండికి 25-35 ఎంఎం సరిపోతుంది.

బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు డ్యాంపింగ్‌కి (ఆయిల్ ఫోర్కు కదలికని నెమ్మదింపజేయడానికి) పనేమీ లేదు. అంటే సాగ్ చెప్పేది దాదాపుగా స్ప్రింగు సంగతి, దాని ప్రీలోడ్ (ముందే ఎంత నొక్కి బిగించారన్న) సంగతి మాత్రమే. ఆయిల్ పాడైనా సాగ్ మారదు. అనుమానాన్ని రెండుగా విడగొట్టేది ఇదే.

సాగ్ సరిగ్గానే ఉంది, కానీ బ్రేకు వేస్తే ముక్కు దభాలున దిగుతోంది

కారణం ఆయిల్. పలచబడి ఉంటుంది, లేదా సీల్ కారి తగ్గి ఉంటుంది. రెండు కాళ్లలోనూ పూర్తిగా తీసేసి కొత్తది పోయండి. ఏ గ్రేడు, ఎంత అన్నది సర్వీస్ మాన్యువల్ చూసి పోయాలి. మాన్యువల్ లెవెల్ ఇస్తే, స్ప్రింగు బయటికి తీసి, ఫోర్కు పూర్తిగా నొక్కి, ట్యూబు పై అంచు నుంచి ఆయిల్ దాకా కొలవండి. సీల్ కారుతుంటే ముందు చక్రం బ్రేకు డిస్కు, ప్యాడ్లు కూడా చూడండి. ఆయిల్ పీల్చిన ప్యాడ్లు మార్చేయాల్సిందే.

సాగ్ ఎక్కువగా ఉంది

స్ప్రింగు అలిసిపోయింది, లేదా మీ బరువుకి చాలడం లేదు. ఇప్పుడు విప్పాలి. చక్రం గాల్లో ఉండగానే, పై టీ బోల్టు వదులు చేశాకే క్యాప్ కదపండి. ఆఖరి మరల దగ్గర క్యాప్‌ని అరచేత్తో అదిమి పట్టుకోండి. ముఖం దానికి ఎదురుగా ఉండకూడదు, స్ప్రింగు క్యాప్‌ని బలంగా తన్నుతుంది.

రెండు స్ప్రింగులూ తుడిచి పక్కపక్కన పెట్టండి. పొడవు సర్వీస్ లిమిట్ (మాన్యువల్‌లో ఇచ్చిన కనీస పొడవు) కంటే తగ్గితే రెండూ మార్చండి, ఒక్కటే మార్చొద్దు. కొన్ని మోటోక్రాస్ బండ్లలో ఒక కాలులోనే స్ప్రింగు ఉంటుంది, అది కనబడి కంగారు పడకండి.

ఏ స్ప్రింగో తెలియకపోతే మొదట చివరి చుట్ట మీద చెక్కిన అంకె కోసం చూడండి. లేకపోతే వర్నియర్‌తో తీగ మందం, బయటి వ్యాసం కొలిచి, చుట్టలు లెక్కపెట్టండి. అన్నిటికంటే మందమే ముఖ్యం, ఎందుకంటే గట్టిదనం మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 4.3 ఎంఎం తీగకి బదులు 4.5 ఎంఎం తీగ ఉంటే, మిగతావన్నీ ఒకటే అయినా స్ప్రింగు దాదాపు 20 శాతం గట్టిది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే కొలవకుండా "ఇది ఒరిజినలే" అనే మాట నమ్మొద్దు.

లోపల పీవీసీ పైపు ముక్క పొడవుగా ఉండి, స్ప్రింగు కొస రంపంతో కోసినట్టు కనిపిస్తే ఎవరో స్ప్రింగు కత్తిరించారు. చుట్టలు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, నిజమే. కానీ చుట్టలు ఒకదానికొకటి తొందరగా ఆనుకుంటాయి, కోసిన అంచు ట్యూబుని గీకుతుంది. పారేసి కొత్త జత వేయండి.

సాగ్ కుదిరింది, అయినా పైకొచ్చేటప్పుడు టక్కుమంటోంది

ఖాళీ బండి సాగ్ చూడండి. మనిషి ఎక్కినప్పుడు సరిగ్గా ఉండి, ఖాళీగా ఉన్నప్పుడు అసలు దిగకపోతే, మెత్తని స్ప్రింగుని వాషర్లతో బాగా బిగించారన్నమాట. వాషర్లు స్ప్రింగుని గట్టిపరచవు, ఎత్తు మాత్రమే పెంచుతాయి. గట్టి స్ప్రింగు వేసి వాషర్లు తీసేయాలి. దీనికి రివర్సులో, ఖాళీ బండే బాగా దిగిపోతే స్ప్రింగు మీకు ఎక్కువ గట్టిది. శబ్దం బ్రేకు వేసినప్పుడు వస్తే మాత్రం ఫోర్కు విప్పకండి, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) చూడండి.

కొత్త స్ప్రింగు వేశాక చిన్న రాళ్లకే చేతులు అదురుతున్నాయి

ఆయిల్ ఎక్కువ పోశారేమో చూడండి. లోపల గాలికి చోటు తగ్గితే ఫోర్కు చివర్లో బిగుసుకుపోతుంది. లెవెల్ సరిగ్గానే ఉంటే యాక్సిల్ దగ్గర కాళ్లు మెలితిరిగి బిగిసి ఉంటాయి. పించ్ బోల్టు (యాక్సిల్‌ని కాలికి బిగించి ఉంచే బోల్టు) వదులు చేసి, ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కుని నాలుగైదుసార్లు గట్టిగా నొక్కండి, కాళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి. ఆ తర్వాతే పించ్ బోల్టుని మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించండి.