జలుబుకి నీలగిరి తైలం: ఒక చుక్క చాలు

ముక్కు దిబ్బడ వేస్తే చాలామంది మరిగే నీళ్లలో నీలగిరి తైలం ధారగా పోసి ఆవిరి పడతారు. కళ్లు మండి నీళ్లు కారడం తప్ప అదనంగా ఒరిగేది ఏమీ లేదు. వేడి నీళ్ల గిన్నెలో ఒకటి, మహా అయితే రెండు చుక్కలు వేసి, కళ్లు మూసుకుని పీల్చండి. పొయ్యి మీద మరుగుతున్న గిన్నె మీదకు మాత్రం వంగొద్దు. అంత ఓపిక లేకపోతే రుమాలు మీద ఒక చుక్క వేసి పక్కన పెట్టుకున్నా సరిపోతుంది.

ఈ తైలంలో ఎక్కువ భాగం సినియోల్ అనే పదార్థం. ఆ ఘాటైన చల్లదనం దానిదే. ఊపిరి తేలిగ్గా ఆడినట్టుంటుంది కానీ జలుబు తగ్గిపోదు, అది దాని టైమ్ అది తీసుకుంటుంది.

ఒళ్లు నొప్పులకు రాసుకోవాలంటే నేరుగా వద్దు. 30 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలోనో నువ్వుల నూనెలోనో 12 చుక్కలు కలిపితే దాదాపు 2 శాతం అవుతుంది. ముందు మోచేతి మడతలో కాస్త రాసి, ఒక రోజు ఆగి చూడండి. స్నానం నీళ్లలో వేయడం నాకైతే నచ్చదు. తైలం నీళ్లలో కలవదు, పైన తేలుతూ వచ్చి చర్మానికి అలాగే అంటుకుంటుంది.

చిన్నపిల్లల ముక్కు దగ్గర, ముఖం మీద అసలు రాయకండి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ ఘాటు పడకపోవచ్చు. కడుపులోకి అస్సలు పోకూడదు, కొన్ని మిల్లీలీటర్లు మింగినా పిల్లలకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. సీసా ముదురు రంగు గాజుదై ఉండాలి, మూత బిగించి పిల్లలకు అందని చోట పెట్టండి.