కృష్ణపట్నం నుంచి గ్రీన్ హైడ్రోజన్ బయటికి పంపాలంటే సర్టిఫికెట్ ఎట్టా రెడీ చేసుకోవాల

మా మేనల్లుడు కావలి దగ్గర ఒక సోలార్ కాంట్రాక్టర్ కాడ పని చేస్తన్నాడు. మొన్న రాత్రి ఫోన్ చేసి "మామా, ఒక హైడ్రోజన్ ప్లాంటోళ్ళు కరెంటు కోసం కొటేషన్ అడిగారు, సగం పేజీలు సర్టిఫికెట్ గొడవే, మనం అమ్మేది కరెంటు గదా, మనకెందుకు ఇదంతా" అన్నాడు. వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తన్నా. నేను ఎనర్జీ ఆడిట్లు చేస్తా, అంతకు ముందు నెల్లూర్లో ఆరేడేళ్ళు రొయ్యల ఎక్స్‌పోర్ట్ పేపర్లు చూశా, ఆ అనుభవమే ఇక్కడ ఎక్కువ పనికొచ్చింది నిజం చెప్పాలంటే.

ముందు ఒక్క సంగతి బుర్రలోకి ఎక్కించుకోండి. హైడ్రోజన్‌ని ల్యాబ్‌లో పెట్టి ఇది గ్రీనా (అంటే సోలార్, గాలి లాంటి కరెంటుతో తీసిందా) కాదా అని ఎవురూ తేల్చలేరు. నీళ్ళని కరెంటుతో విడగొట్టి తీసినా, సహజవాయువు నుంచి తీసినా వచ్చే గ్యాసు ఒకటే. రొయ్యలో యాంటీబయాటిక్ ఉంటే టెస్టులో దొరికిపోద్ది, ఒంగోల్లో పొగాకు బేలు విప్పితే ఆకు రంగు కనపడుద్ది, ఇక్కడ ఆ రెండూ లేవు. బేలుకి కట్టిన చీటీనే సరుకు అనుకోండి. అందుకే కరెంటు అమ్మేవాడి మీటరు కాడి నుంచే ఆ చీటీ రాయడం మొదలవుద్ది.

మొదటి పని, సరుకు ఏ దేశానికి పోద్దో తేల్చుకోవడం, ఎందుకంటే ఒక్కో దేశం ఒక్కో గీత గీసింది. మన కేంద్రంలో పునరుత్పాదక ఇంధన శాఖ (ఎంఎన్ఆర్ఈ) 2023 ఆగస్టులో చెప్పింది ఏందంటే కేజీ హైడ్రోజన్‌కి 2 కేజీల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) దాటకూడదు, 12 నెలల సగటు మీద, ప్లాంటు గేటు దాకా. జపాన్ 3.4 కేజీలు అంటది. కొరియా 4 కేజీల దాకా ఒప్పుకుంటది గానీ దాంట్లో మళ్ళీ నాలుగు గ్రేడ్లు, ఎంత తక్కువ ఉంటే అంత మంచి గ్రేడు. యూరప్ లెక్క మెగాజౌల్‌కి 28.2 గ్రాములు, కేజీకి 120 మెగాజౌల్స్ చొప్పున వేసుకుంటే 3.4 కేజీల దగ్గర తేల్తది. చూస్తే మనదే కఠినం గదా అనిపిస్తది. మోసపోవద్దు, యూరప్‌లో ఓడ ప్రయాణం కూడా లెక్కలోకి వస్తది, కరెంటు సంగతిలో అయితే వాళ్ళు ఇంకా పట్టుగా ఉంటారు, అది కింద చెప్తా.

రెండోది కాగితం మీద ఒక మోటు లెక్క వేసి చూసుకోండి. కేజీ హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్లు కరెంటు పడుద్ది. మన దేశం గ్రిడ్డులో ఒక్క యూనిట్‌కి సుమారు 0.7 కేజీ సీఓటూ. మొత్తం గ్రిడ్డు కరెంటే వాడితే 35 కేజీల పైనే, అంటే సహజవాయువు నుంచి మామూలుగా తీసే హైడ్రోజన్ కంటే మూడు రెట్లు అధ్వానం. నీళ్ళని విడగొట్టే మిషను, అదే ఎలక్ట్రోలైజర్, దానికి పూర్తిగా సోలారే ఇచ్చి, కంప్రెసర్‌ని మాత్రం "అది చిన్నదే గదా" అని డిస్కమ్ (ఊరికి కరెంటిచ్చే కంపెనీ) లైను మీద పెట్టారనుకోండి, అది కేజీకి రెండు యూనిట్లు తింటే చాలు 1.4 కేజీలు అక్కడే అయిపోయినట్టు, మన 2 కేజీల్లో మిగిలేది 0.6. సముద్రం నీళ్ళు శుద్ధి చేసే ఆర్‌ఓకి భయపడతారు చాలామంది, నిజానికి వెయ్యి లీటర్లకి మూడు నాలుగు యూనిట్లే, కేజీ హైడ్రోజన్‌కి నేరుగా పడేది తొమ్మిది లీటర్ల నీళ్ళే కాబట్టి అది లెక్కలో కనపడదు కూడా. కానీ దానికి వేరే మీటరు లేకపోతే మాత్రం ఆడిటర్ ఊరుకోడు. పెద్దదైనా చిన్నదైనా ప్రతి లోడుకీ మీటరు, ఇది కట్టేటప్పుడే పెట్టుకోవాల, తర్వాత పెట్టాలంటే ప్లాంటు ఆపాల.

ఇప్పుడు అసలు చిక్కు, కరెంటు ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు వాడారు అనేది. మన రూల్లో పగలు సోలార్ కరెంటు గ్రిడ్డులో బ్యాంకింగ్ చేసుకుని, అంటే గ్రిడ్డుకి ఇచ్చి ఖాతాలో రాయించుకుని, రాత్రి వాడుకున్నా గ్రీన్ కిందే ఒప్పుకుంటారు. యూరప్‌లో 2029 ఆఖరు దాకా నెలకి నెల లెక్క సరిపోతే చాలు, 2030 జనవరి నుంచి ఏ గంటలో వాడావో ఆ గంటలోనే పుట్టుండాల. అంటే అప్పట్నించి పగలు దాచి రాత్రి వాడే లెక్క వాళ్ళ దగ్గర చెల్లదు, బ్యాటరీ పెట్టుకో, లేకపోతే గాలిమరలు కలుపు, లేదంటే రాత్రి ప్లాంటు తగ్గించు. ఇంకోటి, కరెంటు ఇచ్చే ప్లాంటు కొత్తదై ఉండాలంటారు, ఎలక్ట్రోలైజర్ మొదలయ్యే ముందు 36 నెలల లోపల మొదలైందై ఉండాల, సబ్సిడీ తీసుకున్నదై ఉండకూడదు. ఎలక్ట్రోలైజర్ 2028 జనవరి 1 లోపల మొదలైతే ఈ రెండు షరతులూ 2037 ఆఖరు దాకా వర్తించవు. కాబట్టి కొటేషన్ ఇచ్చే ముందు మావాడు అడగాల్సిన మొదటి ప్రశ్న రేటు కాదు, "మీ ఎలక్ట్రోలైజర్ ఎప్పుడు మొదలవుద్ది" అని.

దీనికి నేను చెప్పే ఉపాయం ఒక్కటే, డేటా మాత్రం అందరికంటే కఠినమైన వాడికి సరిపడా రాసుకోండి. గ్రిడ్డుకి కరెంటిచ్చే కాడ పెట్టే ఏబీటీ మీటర్లు ఎట్టాగూ 15 నిమిషాల బ్లాకుల్లో రికార్డు చేస్తాయి, నాలుగు బ్లాకులు కలిపితే గంట. ఆ ఫైళ్ళు నెల నెలా తీసి దాచుకుంటే రేపు యూరపోడికి గంటల లెక్క, మనోళ్ళకి సంవత్సరం సగటు, ఎవురికి కావాల్సింది వాళ్ళకి కూడి ఇవ్వొచ్చు. నెల బిల్లు మాత్రమే దాచుకుంటే దాన్నించి గంటలు పుట్టించలేరు. నా కళ్ళారా చూశా, మా బంధువుల రొయ్యల చెరువు సరుకు ఒకసారి మంచి కౌంటు (సైజు), టెస్టులో ఏమీ లేదు, సీడు (రొయ్య పిల్లలు) ఎక్కడ తెచ్చారో బిల్లు లేదని కొనుగోలుదారు పక్కన పెట్టేశాడు, ఆ బిల్లు రాయించుకోవడానికి ఆరోజు పది నిమిషాలు పట్టేది అంతే.

తర్వాత అమోనియా. హైడ్రోజన్‌ని ఓడలో పంపడం కష్టం కాబట్టి ఎక్కువమంది అమోనియాగా మార్చే పంపాలనుకుంటన్నారు, కేజీ హైడ్రోజన్‌కి 5.6 కేజీల అమోనియా వస్తది. గాల్లోంచి నైట్రోజన్ తీసే కరెంటు, రెండూ కలిపి అమోనియా చేసే లూపు కరెంటు, మైనస్ 33 డిగ్రీల దగ్గర నిల్వ పెట్టే కరెంటు, అన్నీ లెక్కలోకే. పోర్టు ట్యాంకులో మామూలు అమోనియాతో కలిసినా ఫరవాలేదు గానీ లోపలికి ఎంత గ్రీన్ పోసావో బయటికి గ్రీన్ పేరుతో అంతకంటే ఎక్కువ అమ్మకూడదు. పాల సెంటర్లో ఆవు పాలు గేదె పాలు ఒకే ట్యాంకులో పోసినా రిజిస్టర్లో వేరే వేరే రాస్తారే, అదే. మధ్యలో ట్రేడర్ ఉంటే ఆయన కూడా సర్టిఫై అయ్యుండాల, గొలుసు అక్కడ తెగితే మీ కష్టం అంతా వేస్టు.

ఇక సర్టిఫికెట్ ఎవురి దగ్గర అంటే, మన దేశంలో 2025 ఏప్రిల్‌లో జీహెచ్‌సీఐ అని గ్రీన్ హైడ్రోజన్ సర్టిఫికెట్ స్కీము వచ్చింది, ఆడిట్ ఏజెన్సీలకి గుర్తింపు ఇచ్చేది బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ). ప్రభుత్వం ఇన్సెంటివ్ తీసుకున్నా, దేశంలో అమ్మినా అది తప్పనిసరి, ఉత్త ఎక్స్‌పోర్ట్‌కే చేసేవాళ్ళకి కాదు. యూరప్‌కి అయితే వాళ్ళ కమిషన్ ఒప్పుకున్న సర్టిఫ్‌హై, ఐఎస్‌సీసీ, రెడ్‌సర్ట్ లాంటి సర్టిఫికెట్ స్కీముల్లో ఒకటి చూసుకోవాల. ప్లాంటు కట్టకముందే డిజైన్ చూసి ప్రీ సర్టిఫికేషన్ ఇస్తారు, కాకినాడలో ఏఎం గ్రీన్ వాళ్ళు అమోనియాకి అట్టానే తెచ్చుకున్నారు. బ్యాంకు లోనుకి పోయేటప్పుడు ఆ కాగితం బాగా పనికొస్తది.

"మామా, అన్ని దేశాలూ కలిసి ఒకటే పెట్టుకోవచ్చుగా" అన్నాడు మావాడు. ఆ ప్రయత్నం జరగతానే ఉంది. ఐపీహెచ్ఈ అని 2003 నుంచి హైడ్రోజన్ మీద పనిచేసే దేశాల కూటమి ఒకటుంది, వాళ్ళు తయారు చేసిన లెక్కింపు పద్ధతి ఆధారంగానే ఐఎస్‌ఓ 19870 అనే టెక్నికల్ స్పెసిఫికేషన్ 2023 డిసెంబర్లో దుబాయ్ వాతావరణ సదస్సులో బయటికొచ్చింది. అక్కడే 30కి పైగా దేశాలు ఒకరి సర్టిఫికెట్ ఒకరు గుర్తించే దిశగా పనిచేస్తామని ప్రకటన మీద ఒప్పుకున్నాయి. దీంట్లో జనం తప్పుగా అర్థం చేసుకునేది ఒకటుంది, కాటా (లెక్కేసే పద్ధతి) ఒకటి చేద్దాం అంటన్నారు, గీత (ఎన్ని కేజీల దాకా అనేది) ఒకటి చేద్దాం అనట్లా. పొగాకు వేలంలో కాటా అందరికీ ఒకటే, ఏ గ్రేడు కొనాలనేది మాత్రం కంపెనీ ఇష్టం గదా, అట్టా. ఆ ఒక్క కాటా వచ్చినా లాభమే, కృష్ణపట్నంలో ఒకసారి లెక్క కట్టింది యూరప్‌లో రోటర్‌డ్యామ్ పోర్టులో మళ్ళీ మొదట్నించి కట్టక్కర్లేదు. అప్పటిదాకా ఐఎస్‌ఓ పద్ధతిలో ఒక లెక్క, కొనేవాడి దేశం పద్ధతిలో ఒక లెక్క, రెండూ పక్కపక్కన పెట్టుకోవడం మంచిది, ఎక్సెల్లో ఇంకో షీటు అంతే.

నిన్న మావాడు మెసేజ్ పెట్టాడు. ప్లాంటోళ్ళు ఎలక్ట్రోలైజర్ తేదీ చెప్పడానికి వారం టైం అడిగారంట, వాళ్ళ దగ్గరే తేలలేదంట. ఈలోపు వీడు కొటేషన్లో 15 నిమిషాల డేటా ఇచ్చేదానికి నెలకింత అని వేరే లైను చేర్చాడు.