ఎదుగుదల ఇతివృత్తాన్ని నవలలో పరిశీలించే విధానం

ఎదుగుదల ఇతివృత్తం (అనుభవాలతో ఒక వ్యక్తి పరిణతి చెందే కథాంశం) గురించి రాయదలచినవారు కథానాయకుడి వయసును లెక్కించడం కంటే, కథ మొదట్లో అతనికి ఏమేమి తెలియవో గుర్తించడంతో పని ప్రారంభించడం మేలు. ఉదాహరణకు మొక్కపాటి నరసింహశాస్త్రి హాస్యనవల ‘బారిస్టర్ పార్వతీశం’ తీసుకోండి. 1924లో వెలువడిన దాని మొదటి భాగంలో, ఇంట్లో చెప్పకుండా మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు బయలుదేరిన యువకుడికి రైలు, పట్నం, ఓడ, పరదేశపు మర్యాదలు అన్నీ కొత్తవే కనుక అతనికి తెలియనివాటి జాబితా త్వరగానే తయారవుతుంది.

అసలు శ్రద్ధ పెట్టవలసినది కథనస్వరం మీద. పార్వతీశం తన కథను తానే చెప్పుకుంటాడు కాబట్టి, అక్కడి ‘నేను’లో తడబడే కుర్రవాడూ, ఆ తడబాటును తరువాతి కాలం నుంచి చూస్తూ నవ్వగలిగినవాడూ కలిసే ఉంటారు. ఒక్కో హాస్యసన్నివేశం దగ్గర ఆగి, ఆ మాట వీరిలో ఎవరిదో, వారిద్దరి మధ్య దూరం ఎంత తగ్గిందో పుస్తకం అంచున రాసుకోండి. తనను చూసి తాను నవ్వుకోగలగడమే ఈ నవలలో పరిణతికి బలమైన గుర్తు అని నా అభిప్రాయం.

మొదటి భాగంతోనే తీర్పు చెప్పకండి. మూడు భాగాలూ చదివి, స్వదేశానికి తిరిగివచ్చాక అతని నిర్ణయాలు ఎవరి మెప్పు కోసం జరుగుతున్నాయో మొదటి ప్రయాణంతో పోల్చి చూడండి.